చేయి అందని స్పార్క్ ప్లగ్గులు: విప్పడం, బిగించడం

కిందటి భాగంలో స్పార్క్ ప్లగ్ నిర్మాణం, ఎలక్ట్రోడ్ల మధ్య ఉండే ఖాళీ గురించి తెలుసుకున్నాం. ఇప్పుడు ప్లగ్ మార్చే పని చూద్దాం. స్ప్లెండర్ వంటి మోటారు సైకిల్‌పై ఈ పని మీరు చేసే ఉంటారు. క్యాప్ లాగి, ప్లగ్ పానా పెట్టి తిప్పితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. కార్లలో అన్నిసార్లూ అలా కుదరదు. మారుతి ఓమ్నీ, ఈకో వ్యాన్లలో ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. సీటు ఎత్తితే గాని పని మొదలు కాదు. కొన్ని కార్లలో బానెట్ ఎత్తినా ప్లగ్ కంటికి కనిపించదు. అలాంటి ప్లగ్‌కు రెండు ప్రమాదాలున్నాయి: అసలు మార్చకుండా వదిలేయడం, లేదా బలవంతంగా తిప్పి సిలిండర్ హెడ్డును పాడుచేయడం.

ఎనిమిది ప్లగ్గుల కారు

హబ్సిగూడ, ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో షెడ్డులో పనిచేస్తూ ఈ కోర్సు చదువుతున్నవారు మీలో ఉండవచ్చు. మీ దగ్గరికి పాత హోండా సిటీ ఒకటి వచ్చిందనుకోండి. 2003 నుంచి 2008 వరకు మన దేశంలో అమ్మిన సిటీలో 1497 సీసీ ఐ-డీఎస్ఐ ఇంజన్ ఉండేది. సిలిండర్లు నాలుగే, ప్లగ్గులు మాత్రం ఎనిమిది. ప్రతి సిలిండర్‌కు ఒక ప్లగ్ రేడియేటర్ వైపు, ఇంకొకటి డ్యాష్‌బోర్డు వైపు ఉంటాయి. ఇంజన్ వేగాన్ని బట్టి ఈ రెండూ ఒకేసారిగానో, కొద్ది తేడాతోనో నిప్పురవ్వ వేస్తాయి. మిశ్రమం రెండు చోట్ల అంటుకుంటే మంట త్వరగా వ్యాపిస్తుంది. పల్సర్ డీటీఎస్-ఐలో ఒకే సిలిండర్‌కు రెండు ప్లగ్గులు పెట్టింది కూడా ఇందుకే.

ముందు నాలుగు ప్లగ్గులు సులువుగా అందుతాయి. వెనక నాలుగూ వైపర్ల కింద ఉండే ప్లాస్టిక్ కౌల్ మరుగున ఉంటాయి. వైపర్లు, కౌల్ తీయకుండా వాటికి దారి దొరకదు. అందుకే ముందు నాలుగు మార్చి, “ప్లగ్గులు మార్చాం” అని పంపేసే అలవాటు ఏర్పడింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. సిలిండర్‌కు ఒకే ప్లగ్ ఉన్న ఇంజన్‌లో అది చెడిపోతే బండి వణుకుతుంది, ఎవరికైనా తెలిసిపోతుంది. రెండు ప్లగ్గులున్నచోట వెనకది పనిచేయకపోయినా ముందుది మండిస్తూనే ఉంటుంది. మంట ఒక పక్కనుంచే బయలుదేరి దహన గది అంతా దాటాలి కాబట్టి దహనం నెమ్మదిస్తుంది. లాగే శక్తి తగ్గుతుంది, మైలేజీ తగ్గుతుంది. యజమాని “బండి పాతదైంది కదా” అని సరిపెట్టుకుంటాడు. చేయి అందని ప్లగ్ తన లోపాన్ని కూడా దాచిపెడుతుందన్న మాట.

విప్పేముందు

ఇంజన్ చల్లారాలి. ప్లగ్ బయటి భాగం ఉక్కు, హెడ్డు అల్యూమినియం. వేడికి రెండూ ఒకేలా వ్యాకోచించవు. వేడిమీద విప్పితే అల్యూమినియం మరలు ఊడివచ్చే ప్రమాదం ఉంది. మే నెల ఎండలో ఉప్పల్ ట్రాఫిక్‌లోంచి వచ్చిన బండి గంటలో చల్లారదు. సాయంత్రం వచ్చినదాన్ని రాత్రి వదిలేసి పొద్దున పట్టుకోవడం మేలు. కస్టమర్ తొందరపెడితే కారణం చెప్పండి, చాలామంది ఒప్పుకుంటారు.

వైపర్ తీసేముందు బ్లేడు ఎక్కడ ఆగిందో అద్దం మీద టేపు అంటించి గుర్తు పెట్టుకోండి. కౌల్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులు ఏళ్ల తరబడి ఎండకు పెళుసుబారి ఉంటాయి. కొన్ని విరుగుతాయి; కొత్తవి ముందే తెచ్చిపెట్టుకోండి. కౌల్ కింద పేరుకున్న ఆకులు, మట్టి కూడా అప్పుడే తీసేస్తే వాననీరు పోయే దారి తెరుచుకుంటుంది. ఎలాగూ మళ్లీ అక్కడిదాకా ఎప్పుడో గాని రారు.

ఈ ఇంజన్‌లో ప్రతి ప్లగ్‌కూ విడిగా ఇగ్నిషన్ కాయిల్ ఉంటుంది. కనెక్టర్ లాకును వేలితో నొక్కి తీయాలి, వైరు పట్టుకుని లాగకూడదు. కాయిల్ రబ్బరు అతుక్కుపోతే కుడి ఎడమలకు కొద్దిగా తిప్పి పైకి తీయండి. తర్వాత ప్లగ్ గుంతలోకి గాలి కొట్టండి. అక్కడి ఇసుక, ధూళి ప్లగ్ తీయగానే నేరుగా సిలిండర్‌లో పడతాయి. ప్లగ్‌ను పావు చుట్టు వదులు చేసి మరోసారి గాలి కొట్టడం ఇంకా మంచిది.

తిప్పుతున్నప్పుడు ప్లగ్ వదులవుతున్నకొద్దీ తేలికగా తిరగాలి. మధ్యలో బిగుసుకుంటే ఆగండి. తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి, కాసేపు ఉంచి, కొంచెం బిగించి మళ్లీ వదులు చేయండి. పొడవైన పానాతో బలం పెడితే ప్లగ్‌తోపాటు మరలు కూడా వస్తాయి. అప్పుడు హెడ్డు దింపి నాచారం పారిశ్రామికవాడలో లేత్ షాపు వెతుక్కోవాల్సి రావచ్చు. ఎనిమిది ప్లగ్గుల ఖరీదు దాని ముందు ఏపాటిది?

బిగించేటప్పుడు

కొత్త ప్లగ్ ఖాళీని ఫీలర్ గేజ్‌తో కారు మాన్యువల్ ప్రకారం సరిచూడండి. ఇరిడియం ప్లగ్ అయితే సన్నని మొనకు గేజ్ ఒరుసుకోనివ్వకండి. కింద పడిన ప్లగ్‌ను వాడవద్దు. పింగాణీలో వెంట్రుకవాసి పగులు కంటికి కనిపించదు.

ఇరుకైన చోట అసలు చిక్కు మర అడ్డంగా ఎక్కడం. సాకెట్‌కు ఎక్స్‌టెన్షన్, దానికి యూనివర్సల్ జాయింట్ తగిలిస్తే చేతికి స్పర్శ తెలియదు. అందుకని ఒక జానెడు పెట్రోలు రబ్బరు పైపును ప్లగ్ పైకొనకు తొడిగి, ఆ పైపును వేళ్లతో తిప్పుతూ ప్లగ్‌ను ఎక్కించండి. మర సరిగ్గా కూర్చుంటే సాఫీగా దిగుతుంది. అడ్డంగా ఎక్కితే పైపు ప్లగ్ మీద జారిపోతుంది, మర చెడదు. ఖరీదైన పనిముట్లలో ఈ గుణం ఉండదు!

చివరి బిగింపు టార్క్ రెంచితో, మాన్యువల్లో ఇచ్చిన అంకె ప్రకారం చేయాలి. రెంచి లేకపోతే, వాషరున్న 14 మి.మీ. కొత్త ప్లగ్‌ను చేతితో ఆగేవరకు తిప్పి, ఆపైన అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు వరకు బిగించవచ్చు. మరలకు గ్రీజు పూయవద్దు. జారుడు వల్ల అదే టార్క్‌కు ప్లగ్ ఎక్కువ బిగుసుకుంటుంది.

తీసిన ప్లగ్గులను కలిపేయకుండా, కొత్తవాటి డబ్బాల్లో సిలిండర్ సంఖ్య, ముందు లేదా వెనక అని రాసి పెట్టండి. మొన లేత గోధుమ రంగులో ఉంటే దహనం సరిగా ఉన్నట్లు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతున్నట్లు, నూనె తడి ఉంటే రింగులో వాల్వ్ సీళ్లో అరిగినట్లు అనుమానించాలి. ఒకే సిలిండర్‌లోని రెండు ప్లగ్గుల్లో ఒకటే నల్లబడితే ముందుగా దాని కాయిల్‌ను పరీక్షించండి. ఎనిమిది పాత ప్లగ్గులనూ కస్టమర్‌కు చూపించి అప్పగించండి. వెనక నాలుగింటి కూలి ఎక్కువన్న సంగతి మాత్రం పని పట్టకముందే చెప్పాలి. బిల్లు చూశాక చెబితే నమ్మరు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఐ-డీఎస్ఐ ఇంజన్‌లో వెనక ప్లగ్ చెడినా వెంటనే తెలియకపోవడానికి కారణం ఏమిటి?

2. వేడిగా ఉన్న ఇంజన్ నుంచి ప్లగ్ ఎందుకు తీయకూడదు?

3. ప్లగ్ ఎక్కించడానికి రబ్బరు పైపు వాడితే మర ఎలా చెడకుండా ఉంటుంది?