భౌతికశాస్త్ర పేపర్ రాయడానికి పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు

గుమ్మఘట్ట లాంటి కరువు మండలాల్లో తెలుగు మీడియం చదివి పీహెచ్‌డీ దాకా వచ్చిన దళిత విద్యార్థులకు లెక్కల దగ్గర కాదు, పేపర్ రాసే దగ్గర చెయ్యి ఆగిపోతుంది. ప్రయోగం మనం చేసినా, రాసింది ఇంకొకరైతే మొదటి పేరు వాళ్లదే అయ్యే ప్రమాదముంది. అందుకే రాత నేర్చుకోవడం మాకు హక్కుల విషయం కూడా.

మేఘనాథ్ సాహా ఢాకా ప్రాంతంలో చిన్న దుకాణదారుడి కొడుకు. కులం తక్కువని కలకత్తా హాస్టల్లో తోటి విద్యార్థులు ఆయనతో కలిసి తినలేదు. నక్షత్రాల వర్ణపటాలపై రాసిన పేపర్‌ను ఆయన లండన్‌లో, ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్ విమర్శలు వింటూ, సుమారు నాలుగు నెలలు తిరగరాశారు. అది 1921లో రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో వచ్చింది. తిరగరాయడం చేతకానితనం కాదు, అదీ పనిలో భాగమే.

ఎక్కడ మొదలుపెట్టాలి? మీరు కనుక్కున్నదేమిటో ముందు తెలుగులో ఒక్క వాక్యం రాయండి. వాన బాగా పడిందంటే మా రైతు ఊరుకోడు, "పదునైందా?" అని అడుగుతాడు. విత్తనం వేయొచ్చా లేదా అన్నదే ఆయనకు కావాలి. పేపర్‌ను పరిశీలించేవారూ అంతే. "భైరవానితిప్ప జలాశయంలో ఆవిరిపై గాలి ప్రభావం అధ్యయనం చేయబడింది" అంటే ఏమీ చెప్పనట్టే. ఏ నెలల్లో, ఎంత గాలికి, ఆవిరి ఎంత పెరిగింది, కొలతలో తేడా ఎంత ఉండొచ్చు? ఇవి చెప్పాలి.

తర్వాత గ్రాఫులు గీయండి. అక్షాల మీద యూనిట్లు ఉండాలి. గ్రాఫు కింది వివరణ చదివితేనే విషయం అర్థమవ్వాలి. వ్యాసం ఆ గ్రాఫుల వరుసలోనే నడుస్తుంది.

సమీకరణాల గురించి డేవిడ్ మెర్మిన్ 1989లో మూడు నియమాలు చెప్పారు. విడిగా రాసిన ప్రతి సమీకరణానికీ నంబరు వేయాలి. వెనక్కి ప్రస్తావించేటప్పుడు నంబరుతో పాటు అదేమిటో మాటల్లో గుర్తుచేయాలి. సమీకరణం కూడా వాక్యంలో భాగమే కాబట్టి కామా, ఫుల్‌స్టాప్ పెట్టాలి. వీటికి కాన్వెంటు చదువు అవసరం లేదు.

చివరగా, వేరే విభాగం స్నేహితుడితో చదివించండి. ఆయన ఆగిన చోటల్లా తిరగరాయాలి.

కార్ల్ సేగన్‌లా సైన్సు రచయిత కావాలనుకున్నానని రోహిత్ వేముల 2016లో తన చివరి ఉత్తరంలో రాశాడు. ఆ కోరిక చాలామందిలో ఉంది. పీహెచ్‌డీ మొదటి ఏడాదిలోనే, చిత్తుప్రతులు చదివి దిద్దే అధ్యాపకులతో రాత కోర్సు పెట్టాలని విశ్వవిద్యాలయాలను మేము అడుగుతున్నాం. సీటు ఇచ్చి, రాత నేర్పకపోతే తలుపు సగమే తెరిచినట్టు.