బందెలదొడ్డి ఏమైనట్టు?

మేత లేదు. పని లేదు. ‘ఇది ఎవరి గొడ్డు?’ అని అడిగే దిక్కూ లేదు. అందుకే కరువు సీమలో పశువు రోడ్డెక్కుతోంది. దాంతోపాటు మనిషి ప్రాణమూ రోడ్డున పడుతోంది.

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే బస్సులు అర్ధరాత్రి దాటాక గుత్తి మీదుగా అనంతపురం వైపు దూసుకుపోతుంటాయి. లోపల అందరూ నిద్రలో ఉంటారు. మెలకువగా ఉండేది డ్రైవరొక్కడే. అనంతపురం ఇంకో ఇరవై కిలోమీటర్లు ఉందనగా గార్లదిన్నె వస్తుంది. రెండు పక్కలా ఎర్రనేలలు, శనక్కాయ చేలు, అక్కడక్కడా వేపచెట్లు. మధ్యలో నున్నటి నాలుగు వరుసల రహదారి. లైట్ల వెలుగు ఇంకా అందని చోట ఓ ఎనుము అడ్డంగా నిలబడి ఉంటే? ఎనుము నల్లన, తారు నల్లన, రాత్రి నల్లన. అటు తిరిగి నిలబడితే మెరిసే కళ్లు కూడా కనపడవు.

ఇలాంటి రోడ్డు మీద కార్లకు చట్టం ఒప్పుకునే గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. అడ్డు కనిపించి, మెదడుకు ఎక్కి, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి సెకనున్నర పట్టిందనుకుంటే ఈలోపే బండి 40 మీటర్లు వెళ్లిపోతుంది. బ్రేకు పడ్డాక పూర్తిగా ఆగడానికి పొడి రోడ్డు మీద మరో 50, 60 మీటర్లు. మొత్తం వంద మీటర్ల లెక్క! ఎదుటివాళ్ల కళ్లు చెదరకూడదని మర్యాదగా డిమ్ములో పెట్టుకున్న లైటు చూపించేది అందులో సగం దూరమే.

పెద్ద పశువును కారు ఢీకొడితే బంపరు తగిలేది దాని కాళ్లకి. మూడు నాలుగు వందల కిలోల ఒళ్లు బానెట్ మీదుగా వచ్చి ముందు అద్దం మీద పడుతుంది. పొడుగు కాళ్ల గుర్రమైతే మరీను. ఇక మోటారు సైకిలు మీద వెళ్లేవాడి సంగతి చెప్పక్కర్లేదు. అతనికీ పశువుకీ మధ్య ఉండేది హెల్మెట్టే, అదీ పెట్టుకుంటే!

తారు రోడ్డే ఎందుకు?

ఇంత పొలం ఉండగా పశువు వెళ్లి రోడ్డు మీదే ఎందుకు పడుకుంటుంది? దానికేం పిచ్చా? కాదు. పగలంతా కాగిన తారు రాత్రి చాలాసేపు వెచ్చగా ఉంటుంది. వాన పడితే చేలో బురద, రోడ్డు మీద పొడి. బండ్లు రయ్యిమని పోతుంటే వచ్చే గాలికి ఈగలూ దోమలూ నిలవవు. పశువు కోణంలోంచి చూస్తే అంతకంటే మంచి చోటు లేదు.

ఇంకోటి ఉంది. డివైడర్లలో పశువులు ముట్టవని గన్నేరు నాటడం హైవేల మీద అలవాటు. అది విషమని వాటికీ తెలుసు. కానీ ఆ మొక్కలకి ట్యాంకరుతో పోసే నీళ్లకి పక్కనే గరిక మొలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో చుట్టుపక్కల పొలాలన్నీ దుమ్ము రేగుతుంటే పచ్చగా కనిపించేది ఆ గరికే. దానికోసం గొడ్డు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు దాటుతుంది.

ఊరు ఓ పక్క, చేను ఓ పక్క ఉన్న పల్లెలు ఈ దారి పొడవునా ఎన్నో. తాతల నాటి నుంచి పశువులు నడిచిన బాట అదే. ఆ బాటకు అడ్డంగా రోడ్డు వెడల్పయింది. ఒకప్పుడు ఏడో నెంబరు జాతీయ రహదారి, 2010లో నెంబర్లు మార్చాక 44. నాలుగు వరుసలయ్యాక బండ్ల వేగం పెరిగింది. పశువు నడకలో మాత్రం మార్పు లేదు.

కట్టె లేని వామి

అనంతపురంలో ఏడాదికి సగటున కురిసే వాన 552 మిల్లీమీటర్లు. అదీ పడాల్సిన రోజున పడితే కదా! గార్లదిన్నె మండలంలోనే పెనకచర్ల దగ్గర మిడ్ పెన్నార్ డ్యాం ఉంది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు దాన్లోకి వస్తాయి. కాలువ కింద పొలం ఉన్నవాళ్లకి వరిగడ్డి దొరుకుతుంది. మెట్ట రైతు మాత్రం ఆకాశం వంక చూడాల్సిందే.

ఈ జిల్లాలో పూర్వం కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక విస్తారంగా పండేవి. గింజ మనిషికి, సొప్ప పశువుకి. తర్వాత శనక్కాయ వచ్చింది. ఉమ్మడి జిల్లాలో ఒక దశలో ఖరీఫ్‌లో ఏడు లక్షల హెక్టార్లకు పైగా అదే పంట. శనక్కట్టె మంచి మేతే, పశువులు ఇష్టంగా తింటాయి. చిక్కల్లా ఊరంతా ఒకే పంట మీద ఆధారపడటంలో వచ్చింది. జొన్న ఎండినా కనీసం చొప్ప మిగిలేది. ఊడలు దిగే వేళకి వాన ముఖం చాటేస్తే శనక్కాయలో కాయా ఉండదు, కట్టే సరిగా రాదు. ఇంటి వెనక వామి లేచేది లేదు. వామి లేని ఏడాది పశువు ఇంట్లో నిలవదు.

అమ్మేద్దామంటే అందరూ ఒకేసారి సంతకి తోలతారు, ధర పడిపోతుంది. పాడి గేదెకి ఎంతో కొంత వస్తుంది. ముసలి ఎద్దును, కోడెదూడను ఎవరు కొంటారు? దుక్కి, గుంటక, బండి... ఎద్దు చేసిన పనుల్లో చాలావరకు ట్రాక్టరు చేస్తోంది. ఆవు ఈనిందనగానే ‘కోడెదూడా?’ అని సంబరంగా అడిగిన ఇళ్లలోనే ఇప్పుడు ‘పెయ్యదూడేనా?’ అని ఆశగా అడుగుతున్నారు.

కాసేవాళ్లు కూడా కరవయ్యారు. ఊరి పశువులన్నిటినీ మందగా తోలుకెళ్లి సాయంత్రం ఇంటికి చేర్చే కాపరికి ఇంటింటి నుంచి గింజలు ముట్టేవి. పిల్లలు బడికి పోయారు (పోవాల్సిందే), పడుచువాళ్లు బెంగళూరుకు వలస పోయారు. ముసలివాళ్లు మిగిలిన ఇంట్లో పొద్దున్నే పలుపు విప్పి గొడ్డును వదలడం, చీకటి పడ్డాక వస్తే కట్టేసుకోవడం... అంతే. రాకపోతే? వెతికే ఓపిక ఎవరికుంది!

అయితే ఊరి మీద తిరిగే పశువు మనకి కొత్త కాదు. ‘అచ్చోసిన ఆంబోతు’ అన్న తిట్టు ఊరికే పుట్టలేదు. దేవుడి పేరిట వదిలిన కోడెకి ఒంటి మీద అచ్చు వేసేవారు. ఎవరి చేలో పడినా కొట్టేవారు కాదు. ఊరంతా దానికి మేపరే. ఇప్పుడు రోడ్డు మీద కనిపించే వాటికి ఆ అచ్చూ లేదు, ఆ ఊరి పూచీ లేదు.

గుర్రం గతీ అదే

పని పోతే పశువు రోడ్డున పడటం ఎద్దుతో మొదలవలేదు. ఈ నేల ఒకప్పుడు గుర్రాల నేల. విజయనగర రాజు ఏటా 13 వేల గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాసిపెట్టాడు. గార్లదిన్నెకు ఉత్తరాన ఉన్న గుత్తి కోట 18వ శతాబ్దంలో మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడేది. అతని బలమంతా అశ్వదళమే. రాజ్యాలు పోయాక గుర్రం జట్కాకు కట్టుబడింది. రైల్వేస్టేషన్ల బయట గుగ్గిళ్లు తింటూ నిలబడే జట్కా గుర్రాన్ని ఆటో వచ్చి పంపించేసింది. మిగిలింది పెళ్లి ఊరేగింపులు, బీచిల్లో పిల్లల సవారీలు.

2012 పశుగణనలో దేశంలో 6 లక్షలకు పైగా ఉన్న గుర్రాలు, పొట్టి గుర్రాలు 2019 నాటికి 3.4 లక్షలకు తగ్గాయి. గాడిదలైతే 3.2 లక్షల నుంచి 1.2 లక్షలకు పడిపోయాయి. అదే లెక్కలో దేశమంతటా దిక్కులేని ఆవులూ ఎద్దులూ 50 లక్షలు!

సెలవులకు ఊటీ వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. సీజన్‌లో పర్యాటకుల్ని ఎక్కించుకునే గుర్రాలు, సీజన్ అయిపోతే చెత్తకుండీల దగ్గర. గిరాకీ ఉన్నన్నాళ్లు దాణా, లేనన్నాళ్లు రోడ్డు. గుర్రానికి గ్లాండర్స్ లాంటి జబ్బు ఉంటే అది మనిషికీ సోకుతుంది. కాబట్టి గాలికి వదిలిన గుర్రం ట్రాఫిక్ సమస్య మాత్రమే కాదు.

ఏనుగుకి రెండు రూపాయలు

మరి వెనకటి రోజుల్లో ఏం చేసేవారు? ‘గొడ్డు మళ్లీ మా చేలో పడిందా, బందెలదొడ్డికి తోలిస్తా!’ ఈ బెదిరింపు వినని పల్లె ఉండేది కాదు.

బందెలదొడ్డి పెద్ద కట్టడమేమీ కాదు. నాలుగు రాతి గోడలు, ఒక గేటు, నీళ్లతొట్టి, ఓ కావలి మనిషి. దాని వెనక మాత్రం గట్టి చట్టమే ఉండేది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన పశువుల అతిక్రమణ చట్టం ‘పశువు’ అన్న మాటలో ఏనుగు నుంచి మేకపిల్ల దాకా చేర్చింది. గుర్రం, గాడిద, పంది, ఒంటె... ఎవరినీ వదల్లేదు. జరిమానాలూ అంతస్తును బట్టే: ఏనుగుకి రెండు రూపాయలు, గేదెకి ఎనిమిది అణాలు, గుర్రానికీ ఆవుకీ ఎద్దుకీ నాలుగణాలు, గాడిదకి రెండణాలు, మేకకి అణా. పైరు మేసిన పశువును రైతు పట్టుకుంటే 24 గంటల్లో దొడ్డికి చేర్చాలి. రోడ్లను, కాలువగట్లను పాడుచేసే పశువులనూ పట్టుకోవచ్చు. యజమాని వచ్చి జరిమానాతోపాటు మేత ఖర్చూ కట్టి విడిపించుకోవాలి. ఏడు రోజుల్లో రాకపోతే పోలీసు స్టేషనుకు కబురు. ఊళ్లో, దగ్గరి సంతలో దండోరా. ఇంకో ఏడు రోజులు చూసి, అప్పటికీ రాకపోతే వేలం!

ఇదేమీ రామరాజ్యం కాదు. పేదరైతు ఒక్కగానొక్క ఎద్దు దొడ్డిలో పడితే ఆ నాలుగణాలకే అప్పు చేయాల్సి వచ్చేది. పాత పగలు తీర్చుకోవడానికీ దొడ్డి పనికొచ్చేది. అడవిలో మేతకు పన్నేమిటని పల్నాడు రైతులు 1921–22లో పుల్లరి సత్యాగ్రహమే చేశారు. పశువుల మీద సర్కారు పెత్తనం అంటే జనానికి మంట ఉండేది. అయినా ఆ ఏర్పాటులో ఒక సుగుణం ఉంది. తప్పిపోయిన పశువు రాత్రికి రోడ్డు మీద ఉండేది కాదు. దానికి గడ్డీ నీళ్లూ దొరికేవి. ఎవరిదో తేలేది.

పల్లెల్లో కాపలా పెట్టి కాయాల్సిన పైరు తగ్గింది, జరిమానా రాబడి కావలివాడి జీతానికే చాలకుండా పోయింది, పాత దొడ్ల స్థలాలు వేరే అవసరాలకు పోయాయి. ఇప్పుడు చాలామందికి ‘బందెలదొడ్డి’ అంటే చిందరవందరగా ఉన్న ఆఫీసును తిట్టే మాటే!

యాభై రూపాయల నేరం

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. తన పశువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు రాకుండా జాగ్రత్తపడని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ. పశువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరమే. శిక్షే... మొదటిసారైతే పది రూపాయల నుంచి యాభై రూపాయల జరిమానా. ఇప్పుడా డబ్బుకి ఓ మోపు గడ్డి కూడా రాదు. యజమాని దొరకాలిగా ముందు! పశువుల చెవికి పన్నెండంకెల పసుపు పోగు వేస్తున్నారు. దాంతో ఎవరిదో కనుక్కోవచ్చు. వదిలేయదలచుకున్నవాడు పోగు పీకేస్తే?

యజమానుల మీదే బరువంతా వేస్తే ఏమవుతుందో గుజరాత్ చూసింది. పట్టణాల్లో పశువుల పెంపకానికి లైసెన్సు ఉండాలంటూ 2022 మార్చిలో అక్కడి శాసనసభ బిల్లు పాస్ చేసింది. పశుపోషకులు భగ్గుమన్నారు. సెప్టెంబరుకల్లా వెనక్కి తీసుకున్నారు.

2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఈ వ్యవహారంలో గట్టిగానే మాట్లాడింది. జాతీయ, రాష్ట్ర రహదారుల మీది పశువులను తొలగించి ఆశ్రయాలకు చేర్చాలని, అందుకు గస్తీ బృందాలు ఉండాలని, ఫిర్యాదు నంబర్లు దారి పొడవునా కనిపించాలని ఆదేశించింది. ఒకరకంగా నూటయాభై ఏళ్ల నాటి బందెలదొడ్డిని మళ్లీ కట్టమన్నట్టే.

ఈలోపు ప్రయాణికులు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. జాతీయ రహదారి మీద పశువుల మంద కనిపిస్తే 1033కి ఫోన్ చేయొచ్చు. పక్కనున్న కిలోమీటరు రాయి మీది అంకె చెబితే గస్తీ బండి తొందరగా వస్తుంది. దెబ్బ తగిలిన పశువు ఉంటే 1962. ఇంకో మాట, థర్డ్ పార్టీ బీమా ఎదుటివాళ్లకే. ఎద్దును గుద్ది తానే పోతే బండి యజమాని కుటుంబాన్ని ఆదుకునేది 2018 నుంచి 15 లక్షలకు పెంచిన వ్యక్తిగత ప్రమాద బీమా. లైసెన్సు లేకపోతే అదీ రాదు. బండి కాగితాల్లో ఆ పద్దు ఉందో లేదో చాలామంది చూసుకోరు.

ఇక ఆశ్రయాల సంగతి. ఒక పెద్ద పశువుకు రోజుకి ఎంత తక్కువనుకున్నా ఆరు కిలోల ఎండుగడ్డి, ముప్పై నలభై లీటర్ల నీళ్లు కావాలి. గార్లదిన్నె లాంటి చోట ఇరవై పశువుల్ని ఓ దొడ్లో పెట్టారనుకుందాం. రోజుకి 120 కిలోలు, నెలకి మూడున్నర టన్నుల గడ్డి. ఎండాకాలంలో రైతు ఇంట్లోనే లేని గడ్డి. అది లారీలో ఎక్కడి నుంచో రావాలి. ఆ లారీ కిరాయి పంచాయతీ కట్టాలా, హైవే సంస్థ కట్టాలా, టోలు రుసుములోంచి తీయాలా... తేలాల్సింది అదే.