అగ్నిగోళమా? పిడుగా? లెక్క వేసి చూద్దాం!

చీకటి గదిలో దీపం వెలిగిస్తే వెలుగు అన్ని వైపులకూ పరుచుకుంటుంది. టార్చిలైటు వేస్తే ముందుకు పోయేకొద్దీ వెడల్పవుతుంది. రబ్బరు గొట్టంతో నీళ్లు చిమ్మితే సన్నని ధారగా సూటిగా పోతాయి. మొదటిది గోళం, రెండవది శంకువు, మూడవది సరళరేఖ. మీ లెక్కల పుస్తకంలోని ఈ ఆకారాలే గెలుపోటములను తేల్చే ఆట ఒకటి ఉంది. దాని పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నిసన్ అనే ఇద్దరు దీనిని రూపొందించి 1974లో వెలువరించారు.

ఈ ఆటకు కావలసినవి కాగితం, పెన్సిలు, పాచికలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు. మిగిలినవారు ఒకరు వీరుడుగా, ఒకరు మాంత్రికుడుగా కథలో పాత్రలవుతారు. వైకుంఠపాళి పాచికకు ఆరు ముఖాలే ఉంటాయి. ఇక్కడ 4, 6, 8, 12, 20 ముఖాల పాచికలు కూడా వాడతారు. రేఖాగణితంలో క్రమ ఘనాకృతులు ఈ ఐదే అని మీరు చదివే ఉంటారు. వీటితోపాటు 10 ముఖాల పాచిక కూడా ఉంటుంది.

మాంత్రికుడు ఒక మంత్రంతో చాలామంది శత్రువులను ఒకేసారి దెబ్బతీయగలడు. మరి ఏ మంత్రాన్ని ఎంచుకోవాలి? 2014లో వచ్చిన 5వ కూర్పు నియమాలతో చూద్దాం.

వైశాల్యాల పోటీ

అగ్నిగోళం వ్యాసార్ధం 20 అడుగులు. నేలమీద అది కప్పే వృత్తం వైశాల్యం 3.14 × 20 × 20, అంటే 1,256 చదరపుటడుగులు. పిడుగు 100 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల గీత. దాని వైశాల్యం 500 చదరపుటడుగులే. 'శీతల శంకువు' అనే మరో మంత్రం 60 అడుగులు పోతుంది. శంకువు వెడల్పు ఎక్కడైనా మాంత్రికుడి నుంచి ఉన్న దూరానికి సమానం. కాబట్టి నేలమీద అది ఒక త్రిభుజం: ½ × 60 × 60 = 1,800 చదరపుటడుగులు. అయితే ఇది పై స్థాయి మంత్రం. మాంత్రికుడు 9వ స్థాయికి చేరితేగాని దొరకదు.

అగ్నిగోళం పిడుగు కంటే రెండున్నర రెట్లు చోటును కప్పుతుంది. అయినా శత్రువులు ఎక్కడ ఉన్నారో పటం గీయకుండా ఆడేవారికి నియమ గ్రంథం ఒక అంచనా ఇచ్చింది. దాని ప్రకారం రెండింటికీ నలుగురేసి శత్రువులే చిక్కుతారు! ఎందుకని? శత్రువులు నేలంతటా సమానంగా పరుచుకుని ఉండరు. ఇరుకు దారిలో బారులు తీరి వస్తే పిడుగు మేలు. మైదానంలో గుంపుగా నిలబడితే అగ్నిగోళం మేలు. వైశాల్యం ఒక్కటే చాలదు, ఆకారం పరిస్థితికి సరిపోవాలి.

పాచికల సగటు

అగ్నిగోళం, పిడుగు రెండింటికీ ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేయాలి. ఒక పాచిక సగటు (1+2+3+4+5+6) ÷ 6 = 3.5. ఎనిమిదింటికి 28. అన్నీ ఆరులే పడితే 48. కాని అలా పడే అవకాశం 16,79,616లో ఒక్కటి మాత్రమే.

శత్రువు ఊరుకోడు. 20 ముఖాల పాచిక వేసి తప్పించుకోజూస్తాడు. తప్పించుకున్నా సగం దెబ్బ తగులుతుంది. 5వ స్థాయి మాంత్రికుడిని తీసుకుందాం. అతని మంత్రాన్ని తప్పించుకోవడానికి 15 రావాలనుకోండి. గాబ్లిన్ అనే పొట్టి పిశాచం తన పాచికకు 2 కలుపుకుంటుంది. కనుక దానికి 13 గాని, అంతకు మించి గాని పడాలి. ఆ అవకాశం 20లో 8, అంటే 40 శాతం.

గాబ్లిన్ ప్రాణబలం 7. తప్పించుకోలేకపోతే దానికి కనీసం 8 దెబ్బ తప్పదు. తప్పించుకున్నా సగం దెబ్బ సగటున 14. అది బతకాలంటే ఎనిమిది పాచికల మొత్తం 13కు మించకూడదు. అలా జరగడం వెయ్యిలో ఒకసారి కూడా ఉండదు. అందుచేత గాబ్లిన్ల విషయంలో ఆలోచించవలసినది ఒక్కటే: ఎంతమంది చిక్కుతారు?

ఓగర్ అనే రాక్షసుడి లెక్క వేరు. అతని ప్రాణబలం 59. పాచికలన్నీ ఆరులే పడినా 48 కదా! కాబట్టి ఒక్క అగ్నిగోళంతో అతడు చావడు. అతడు తప్పించుకునే అవకాశం 25 శాతం. కాబట్టి సగటు దెబ్బ (0.75 × 28) + (0.25 × 14) = 24.5. అంటే మామూలుగా మూడు అగ్నిగోళాలు కావాలి. మన మాంత్రికుడు విశ్రాంతి తీసుకోకుండా వేయగలిగేవి రెండే!

ఇంకొక సంగతి. ప్రాణబలం 1 మిగిలిన ఓగర్ కూడా 59 ఉన్నప్పటి బలంతోనే కొడతాడు. నలుగురు ఓగర్లను కొద్దికొద్దిగా గాయపరిస్తే మొత్తం దెబ్బ 98 అవుతుంది. కాని నలుగురూ ఎదురు తిరిగి కొడతారు. అలాంటప్పుడు అందరూ కలిసి ఒక్కొక్కరినే పడగొట్టడం మంచిది. మొత్తం పెద్దదైనంత మాత్రాన ఫలితం పెద్దది కాదు.

మనవాళ్ల సంగతి?

అగ్నిగోళానికి శత్రువు, మిత్రుడు అనే తేడా లేదు. ప్రాణబలం 27 ఉన్న స్నేహితుడు ఆ వృత్తంలో చిక్కి తప్పించుకోలేకపోతే, సగటు దెబ్బ 28 అతన్ని కూలదోస్తుంది. 'నిద్ర' మంత్రం మరీ చిత్రమైనది. ఎనిమిది ముఖాల పాచికలు ఐదు వేస్తే సగటు 22.5 వస్తుంది. అంత ప్రాణబలానికి సరిపడా జీవులు, అంటే ముగ్గురు గాబ్లిన్లు, నిద్రపోతారు. తప్పించుకునే పాచిక ఉండదు. కాని అందరికంటే తక్కువ ప్రాణబలం ఉన్నవారు ముందు పడిపోతారు. దగ్గరలో గాయపడిన మీ మిత్రుడు ఉంటే? మొదట కునుకు తీసేది అతడే!

పాత నియమం ఇంకా ప్రమాదకరం. 1978లో వచ్చిన గ్రంథం ప్రకారం అగ్నిగోళం మంట సుమారు 33,000 ఘనపుటడుగులను నింపి తీరుతుంది. 20 అడుగుల వ్యాసార్ధం గల గోళం ఘనపరిమాణం 4/3 × 3.14 × 20 × 20 × 20 కట్టి చూడండి. సుమారు 33,500 వస్తుంది. గది ఇరుకైతే మంట ఆగదు. సీసాలో పట్టని నీరు మూతి నుంచి పొర్లినట్లు, దారి దొరికిన వైపుకు పోతుంది.

ఇప్పుడు మీకు ఒక లెక్క. గది పొడవు 30, వెడల్పు 30, ఎత్తు 10 అడుగులు. దానికి ఒకే దారి. అది 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల సొరంగం. మాంత్రికుడు సొరంగంలో, గదికి 100 అడుగుల దూరంలో నిలబడి, గది మధ్యకు అగ్నిగోళం విసిరాడు. 1978 నియమం ప్రకారం అతడు క్షేమమేనా?

(జవాబు: గదిలో పట్టేది 9,000 ఘనపుటడుగులు. మిగిలిన 24,000 సొరంగంలోకి వస్తుంది. దాన్ని 10 × 10తో భాగిస్తే 240 అడుగులు. పాపం, మాంత్రికుడు!)