వాకీటాకీ ప్రోగ్రామింగ్ కేబుల్: లోపాన్ని కనిపెట్టే పద్ధతి

తుపాను దెబ్బకు సెల్‌ఫోన్ టవర్లు పనిచేయని ఒక మండలంలో ఇరవై మంది కార్యకర్తలు వాకీటాకీలు పట్టుకుని సహాయ పనులకు బయలుదేరారనుకోండి. ఇరవై సెట్లలోనూ ఒకే పౌనఃపున్యం ఉంటేనే ఒకరి మాట మరొకరికి వినిపిస్తుంది. ఒక సెట్‌లో ఒక్క అంకె తేడా పడినా ఆ కార్యకర్త పిలుపు ఎవరికీ అందదు.

2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున వెళ్లిన భారతి ప్రసాద్ బృందం అండమాన్‌లోనే ఉంది. టెలిఫోన్లు మూగబోయిన ఆ రోజుల్లో ద్వీపాల క్షేమ సమాచారాన్ని వారు హామ్ రేడియో ద్వారా ప్రధాన భూభాగానికి అందించారు. వారు ఇందుకు వాడినవి దూరాలకు పనిచేసే పెద్ద సెట్లు. ఒక ఊరి పరిధిలో జరిగే పనులకు మాత్రం చేతి సెట్లే అనువైనవి. ఒక్కో సెట్‌లో మీటలు నొక్కుతూ ఛానళ్లు నింపడం గంటల పని. కంప్యూటర్‌కు కేబుల్ తగిలిస్తే అదే పని నిమిషాల్లో పూర్తవుతుంది. కాని "రేడియో స్పందించలేదు" అన్న సందేశం తెరపై కనబడితే ఏం చేయాలి? ఈ పాఠంలో దాన్ని పరిశీలిద్దాం.

కేబుల్ లోపల ఏముంది?

చూడటానికి ఇది మామూలు తీగలాగే ఉంటుంది. కాని యు.ఎస్.బి. భాష వేరు, రేడియోకు తెలిసిన సీరియల్ భాష వేరు. ఈ రెండింటి మధ్య దుబాసీగా పనిచేసే చిన్న చిప్ సాధారణంగా యు.ఎస్.బి. తలకాయలోనే ఉంటుంది. పి.ఎల్. 2303, ఎఫ్.టి. 232, సి.హెచ్. 340, సి.పి. 2102 అనేవి తరచుగా కనిపించే చిప్‌లు.

ఈ చిప్ 0 వోల్టులు, 3.3 లేక 5 వోల్టులు అనే రెండు స్థాయిలతో సంకేతాలు పంపుతుంది. పాత కంప్యూటర్లలోని తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టులో మాత్రం వోల్టేజి ధన, ఋణ దిశల్లో 15 వోల్టుల దాకా ఉండవచ్చు. అందువల్ల మధ్యలో స్థాయిని మార్చే సర్క్యూట్ లేకుండా ఆ పోర్టును నేరుగా రేడియోకు కలపకూడదు. కలిపితే సెట్ పాడయ్యే ప్రమాదం ఉంది.

ఉదాహరణకు బావోఫెంగ్ యు.వి. 5ఆర్ సెట్ సెకనుకు 9600 బిట్ల వేగంతో మాట్లాడుతుంది. ప్రతి బైటుకు ఎనిమిది బిట్లు, ముందు ఒక ఆరంభ బిట్, చివర ఒక ముగింపు బిట్, మొత్తం పది. అంటే సెకనుకు గరిష్ఠంగా 960 బైట్లు. కంప్యూటర్ మొదట ఏడు బైట్ల పలకరింపు పంపుతుంది. రేడియో "06" అనే ఒకే ఒక బైటుతో "ఊఁ" అంటుంది. ఆ "ఊఁ" రాకపోతేనే పై సందేశం వస్తుంది.

ఇక్కడొక విషయం గమనించండి. ప్రోగ్రామ్, పోర్టు, డ్రైవర్, చిప్, తీగ, ప్లగ్, రేడియో: వీటిలో వేర్వేరు లోపాలకు తెరపై ఒకే సందేశం రావచ్చు. కాబట్టి ఊహించి లాభం లేదు. గొలుసులో ఒక్కో లంకెను విడిగా పరీక్షించాలి.

మొదటి పరీక్ష: కంప్యూటర్ గుర్తించిందా?

రేడియోను తీసేసి, కేబుల్ ఒక్కటే తగిలించండి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి పోర్టుల జాబితా చూడండి. ఎక్కడా కొత్త పేరు రాకపోతే వేరే యు.ఎస్.బి. సాకెట్‌లో పెట్టి చూడండి. పేరు వచ్చి దానిపై పసుపు గుర్తు ఉంటే లోపం డ్రైవర్‌ది.

పి.ఎల్. 2303 చిప్‌కు నకళ్లు చాలా ఉన్నాయి. తయారీదారు కొత్త డ్రైవర్లు ఆ నకళ్లనూ, కొన్ని పాత అసలు చిప్‌లనూ కూడా అంగీకరించవు. అప్పుడు "కోడ్ 10" అనే లోపం కనిపిస్తుంది. పాత డ్రైవర్‌ను ఎంచుకుంటే చాలాసార్లు అదే కేబుల్ పనిచేస్తుంది. 2014లో ఎఫ్.టి.డి.ఐ. సంస్థ డ్రైవర్ ఒకటి నకిలీ చిప్‌ల గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చింది. దానితో అప్పటిదాకా పనిచేసిన పరికరాలు ఒక్కసారిగా నిలిచిపోయాయి. తీగ బాగున్నా కేబుల్ పనిచేయకపోవచ్చని దీనివల్ల తెలుస్తుంది.

తరువాత పోర్టు సంఖ్య చూడండి. కేబుల్ లాగితే జాబితాలోంచి మాయమయ్యే సంఖ్యే మీది. సాకెట్ మారిస్తే సంఖ్య కూడా మారవచ్చు. లైనక్స్‌లో అయితే పోర్టు వాడే అనుమతి మీ ఖాతాకు ఉండాలి. చాలా లైనక్స్ రకాల్లో ఇందుకు "డయలవుట్" బృందంలో చేరాలి.

రెండో పరీక్ష: మన మాట మనకే వినిపిస్తుందా?

రేడియో తగిలించకుండానే, కేబుల్ పిన్నుల పటం చూసి, పంపే తీగ కొసనూ స్వీకరించే తీగ కొసనూ చిన్న తీగముక్కతో కలపండి. టెర్మినల్ ప్రోగ్రామ్‌లో "లోకల్ ఎకో" ఆపి కొన్ని అక్షరాలు టైపు చేయండి. అవే అక్షరాలు తెరపై కనబడి, తీగముక్క తీయగానే రావడం ఆగిపోతే డ్రైవర్, చిప్, ఆ రెండు తీగలు బాగున్నట్లే. గ్రౌండ్ తీగ ఈ పరీక్షలో తేలదు. దాన్ని మల్టీమీటర్‌తో చూడాలి.

మూడో పరీక్ష: ప్లగ్ పూర్తిగా దిగిందా?

ఈ సెట్లకు 3.5 మిల్లీమీటర్లు, 2.5 మిల్లీమీటర్ల జంట ప్లగ్ ఉంటుంది. ప్లగ్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ సెట్ ఒంటికి తగిలి, ప్లగ్ ఒక మిల్లీమీటరు పైనే ఆగిపోవడం తరచుగా జరిగేదే. గట్టిగా నొక్కి చూడండి. బ్యాటరీ నిండుగా ఉండాలి, సెట్ ఆన్‌లో ఉండాలి. ప్రోగ్రామ్‌లో సరిగ్గా మీ సెట్ మోడల్‌నే ఎంచుకోవాలి.

రాసే ముందు చదవండి

కేబుల్ పనిచేయగానే కొత్త ఛానళ్లు ఎక్కించాలని తొందరపడకండి. ముందు సెట్‌లో ఉన్న సమాచారాన్ని చదివి, ఒక ఫైలుగా భద్రపరచండి. ఏదైనా పొరపాటు జరిగితే వెనక్కి రావడానికి అదే దారి. ఒక మోడల్ ఫైలును మరో మోడల్‌లోకి ఎక్కించకండి.

ఇంకో ముఖ్య విషయం. కేబుల్ ఏ పౌనఃపున్యాన్నైనా రాస్తుంది, చట్టం మాత్రం అన్నింటినీ అనుమతించదు. పోలీసు, విమానయాన ఛానళ్లపై ప్రసారం చేయడం నేరం, ప్రమాదం కూడా. మనదేశంలో 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు హామ్‌లకు కేటాయించారు. 12 ఏళ్లు నిండినవారు కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖ నిర్వహించే పరీక్ష రాసి లైసెన్సు పొందవచ్చు.

చివరిగా, ఒకసారికి ఒక్క మార్పే చేయండి. డ్రైవర్‌నూ సాకెట్‌నూ కలిపి మారిస్తే, పని జరిగినా ఎందుకు జరిగిందో తెలియదు. రేపు మరో సెట్‌తో మళ్లీ మొదటికే రావలసి ఉంటుంది.

ఆలోచించండి: డివైస్ మేనేజర్‌లో పోర్టు సక్రమంగా కనిపించింది. టైపు చేసిన అక్షరాలు తిరిగి వచ్చాయి. అయినా రేడియో "ఊఁ" అనలేదు. ఇప్పుడు అనుమానించవలసిన లంకెలు ఏవి? వాటిలో మీరు మొదట ఏది పరీక్షిస్తారు, ఎందుకు?