ఖజానాలో కలిసిపోయే సాయం

మన సంఘానికి వచ్చే సొమ్ము రెండు రకాలని దాతలకు తెలుసు. జకాత్ సొమ్ము హక్కుదారులకే చేరాలి, దాని లెక్క వేరు. లిల్లాహ్ సొమ్మును అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. దేశాలు ఇచ్చే సాయంలోనూ ఇలాంటి తేడా ఉంది. ఒకటి ఫలానా పనికని ఇచ్చేది. రెండోది నేరుగా ప్రభుత్వ ఖజానాలో వేసేది. దీన్ని బడ్జెట్ సాయం అంటారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం రెండింటినీ చూసింది.

మొదటి రకానికి ఉదాహరణ డీపీఈపీ, అంటే జిల్లా ప్రాథమిక విద్యా పథకం. ఇది 1996లో కరీంనగర్, వరంగల్, కర్నూలు, నెల్లూరు, విజయనగరం జిల్లాల్లో మొదలైంది. మన మూడు ఊళ్లూ అప్పుడు కరీంనగర్ జిల్లాలోనివే. ఖర్చులో 85 శాతం కేంద్రం ద్వారా వచ్చేది, 15 శాతం రాష్ట్రం పెట్టుకునేది. కేంద్రం వాటా వెనుక ఉన్నది బ్రిటన్ సాయం. తరగతి గదులు, మండల వనరుల కేంద్రాలు, శిక్షణలు వచ్చాయి. మాలాంటి ఉపాధ్యాయులకు ఆ సాయం కంటికి కనిపించేది.

రెండో రకం 2002లో వచ్చింది. ఆర్థిక సంస్కరణల కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. దానికి తోడుగా బ్రిటన్ 6.5 కోట్ల పౌండ్ల గ్రాంటు ఇచ్చింది. 2004లో, 2007లో బ్యాంకు మళ్లీ ఇలాంటి అప్పులిచ్చింది. ఈ సొమ్ము ముందు కేంద్రానికి చేరి, అక్కడి నుంచి రూపాయల్లో రాష్ట్ర ఖజానాకు వస్తుంది. పన్నుల సొమ్ముతో కలిసిపోయాక దేనికి ఖర్చయిందో విడదీయలేం. మా జీతాల్లోనూ అందులో కొంత ఉండే ఉంటుంది. ఏ నెలలో, ఎంత అన్నది ఎవరూ చెప్పలేరు.

ఈ పద్ధతిలో మేలు ఉంది. వేరే ఆఫీసు, వేరే లెక్కలు అక్కర్లేదు. బడ్జెట్‌ను శాసనసభ ఆమోదిస్తుంది, కాగ్ తనిఖీ చేస్తుంది. చిక్కు ఏమిటంటే, గదికో బావికో ముడిపెట్టలేని సొమ్మును దాత ప్రభుత్వ విధానానికి ముడిపెడతాడు. లోటు తగ్గించాలి, విద్యుత్ నష్టాలు తగ్గించాలి, ప్రభుత్వ రంగ సంస్థలను అమ్మాలి లేదా మూయాలి అన్నవి ఆనాటి సంస్కరణల్లోని అంశాలు.

ఆ రోజుల్లోనే, 2002లో, నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటుకు వెళ్లింది. మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట ఫ్యాక్టరీ అందులో భాగం. 2015 డిసెంబరులో అది మూతపడింది. చుట్టుపక్కల చెరుకు రైతులు, కార్మికులు ఆ దెబ్బ తిన్నారు. ఇదంతా విదేశీ సాయం వల్లే అనడం న్యాయం కాదు. సంస్థకు నష్టాలు ముందే ఉన్నాయి, అమ్మాలన్న నిర్ణయం రాష్ట్ర ప్రభుత్వానిది, మూత పడింది పదమూడేళ్ల తర్వాత. అయినా ఒక మాట నిజం: సాయం ఒప్పందంలో సంతకాలు ప్రభుత్వాలవి, బ్యాంకుది. చెరుకు రైతుకు అందులో చోటు లేదు.

అయితే పేరు పెట్టి ఇచ్చిన సొమ్ముకు పూర్తి భరోసా ఉందా? దుబాయిలో ఉన్న అన్న చెల్లెలి ఫీజుకని డబ్బు పంపాడనుకుందాం. ఫీజుకని ముందే దాచిన సొమ్ముతో తండ్రి మోటారు సైకిలు కొన్నాడు. అన్న డబ్బుతో ఇంటికి కొత్తగా వచ్చింది ఫీజా, బండా? ప్రభుత్వాల విషయంలోనూ ఇంతే. బడి గదికి విదేశీ సొమ్ము వస్తే, గదికని ఉంచిన సొంత సొమ్ము మరో దారి పట్టవచ్చు. అందుకే ఒక్క పథకాన్ని కాక మొత్తం బడ్జెట్‌ను చూడాలి.

భారత్‌కు ఆర్థిక గ్రాంట్లు 2015 నాటికి ఆపేస్తామని బ్రిటన్ 2012లోనే ప్రకటించింది. సిరిసిల్ల మరమగ్గాలకు కరెంటు రాయితీ అయినా, 2017 నుంచి వచ్చిన బతుకమ్మ చీరల ఆర్డర్లయినా రాష్ట్ర బడ్జెట్ సొమ్మే. కనుక ఖజానాలోకి ఏ సొమ్ము వచ్చినా మనం మూడు ప్రశ్నలు అడగాలి. అది అప్పా, గ్రాంటా? దాని వెంట వచ్చిన షరతులేమిటి? వాటి భారం ఎవరి మీద పడుతుంది? శాసనసభ్యుల్ని ఈ మాట అడిగే హక్కు మనకుంది. మన సంఘాన్నీ ఇలాగే అడగండి. లెక్క అడిగినంత మాత్రాన నమ్మకం లేనట్టు కాదు.