ఎవరి పాపం?

ఆత్మకూరులో ఈ ప్రసంగం వింటున్న తల్లీ, నీ బిడ్డకు ఆటిజం అని డాక్టరుగారు చెప్పిన రోజే ఇంట్లో గ్రహణం మాట, శాపం మాట మొదలై ఉంటుంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, మన ప్రార్థన కూడికల్లోనూ "ఏ పాపం దాచావో" అంటారు.

యోహాను 9వ అధ్యాయం చదువు. పుట్టుగుడ్డివాణ్ణి చూచి శిష్యులు అడిగిందీ ఇదే. పాపం అతనిదీ కాదు, కన్నవారిదీ కాదని ప్రభువు తేల్చేశారు.

చదువుకున్నవారూ ఈ నింద వేశారు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు ఆటిజాన్ని వివరించాక, తల్లి ప్రేమ చాలకే ఇలా అవుతుందని కొందరు నిపుణులు ఏళ్లతరబడి అన్నారు. అలాంటి బిడ్డకు తండ్రైన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో పుస్తకం రాసి దాన్ని ఖండించాడు. ఇది మెదడు ఎదుగుదలలోని తేడా.

శిక్షణ ఆలస్యం చేయకమ్మా. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉంది.

సంఘస్థులారా, ఆరాధనలో ఆ బిడ్డ చెవులు మూసుకుంటే మైకు శబ్దం కొంచెం తగ్గించండి.