భీమిలి లెక్క ఎక్కడ రాసుకోవాలి?

భీమునిపట్నానికి, అంటే భీమిలికి, మున్సిపాలిటీ వచ్చిన ఏడాది 1861. మన బందరు (మచిలీపట్నం), గుంటూరు 1866 దాకా ఆగాయి. బెజవాడకు (నేటి విజయవాడకు) 1888లో గానీ రాలేదు. అంత పాత పురపాలక సంఘం 2013లో విశాఖ మహానగరంలో కలిసిపోయింది. 152 ఏళ్లు తన పన్ను తనే వేసుకుని, తన కాలువలు తనే తీయించుకున్న ఊరికి ఇవాళ సొంత కౌన్సిల్ లేదు.

పాత రేవు ఊరు ఎలా వెనకబడుతుందో కృష్ణా డెల్టా వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1901లో బందరు జనాభా 39 వేల పైచిలుకు, బెజవాడది 24 వేలు. 2011 నాటికి బందరు 1.7 లక్షలకు చేరితే విజయవాడ 10.34 లక్షలు దాటింది. రేవు ఊరు నాలుగింతలైంది, రైలు జంక్షన్ నలభై రెండింతలైంది. విజయవాడ హద్దులు కూడా పెరిగాయి కాబట్టి ఆ మేరకు తగ్గించి చూసినా తేడా తేడాయే.

భీమిలిదీ బందరు దారే. రెండు చోట్లా డచ్చివాళ్లు వర్తకం చేశారు. భీమిలికి పదిహేడో శతాబ్దంలో వచ్చిన డచ్చివాళ్లు, 1824 ఒప్పందం ప్రకారం మరుసటి ఏడు ఊరిని ఇంగ్లీషువాళ్లకు అప్పగించి వెళ్లారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. 1901లో భీమిలి జనం పది వేలు, విశాఖ జనం దాదాపు 41 వేలు. అంటే ఒకటికి నాలుగు. 2001లో భీమిలి 44 వేలయింది, విశాఖ తొమ్మిదిన్నర లక్షలు దాటింది. ఒకటికి ఇరవైకి పైనే. గమనించండి, భీమిలి తగ్గలేదు. బందరులాగే నాలుగింతలు పెరిగింది. పక్క ఊరే అంతకు మించి పరుగెత్తింది.

ఆ పరుగుకు రెండు కారణాలు. మద్రాసు–హౌరా రైలుమార్గం విజయనగరం నుంచి కొత్తవలస మీదుగా విశాఖకు వెళ్లింది, భీమిలిని తాకలేదు. రెండోది ఇంకా గట్టి దెబ్బ. భీమిలిలో ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి, సరుకు పడవల మీద చేరేది. 1933లో విశాఖ హార్బరు తెరిచారు. ఓడ నేరుగా గట్టు పక్కన ఆగే రేవు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉండగా పడవల రేవుకు ఎవరు వస్తారు?

కలిసిన తీరు కూడా చూడాలి. విశాఖ 1979లో కార్పొరేషన్ అయింది. 2005లో గాజువాక మున్సిపాలిటీనీ 32 గ్రామాలనూ కలుపుకుని 540 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. 2013లో అనకాపల్లి, భీమిలి చేరాక అది దాదాపు 680 అయింది. ఈలోగా సముద్రతీరం వెంట రిసార్టులు లేచాయి. 2020లో రుషికొండ బీచ్‌కు బ్లూఫ్లాగ్ గుర్తింపు దక్కింది. ఇప్పుడు భీమిలి చాలామంది పర్యాటకులకు బీచ్ రోడ్డు చివరి మలుపు మాత్రమే. ఒకప్పుడు అది రోడ్డు చివర కాదు, సముద్రానికి వాకిలి.

పెద్ద నగరంలో కలిస్తే పెద్ద బడ్జెట్ అందుతుందంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ 2021లో ఎన్నికైన విశాఖ కౌన్సిల్లో వార్డులు 98. జనాభా ప్రకారం భీమిలి వాటా వందకు మూడుకు మించదు. తన ఛైర్మన్‌ను తనే ఎన్నుకున్న ఊరు ఇప్పుడు ఆ 98 మందిలో కొద్దిమంది గొంతు మీద ఆధారపడాలి. నా లెక్కలో ఊరు పోగొట్టుకున్నది ఇదే. పేరు పోలేదు, పలుకుబడి పోయింది.

మనకూ ఇది దూరపు కథ కాదు. 1985లో పటమట, గుణదల, భవానీపురం విజయవాడలో కలిశాయి. 2021లో మంగళగిరి, తాడేపల్లి మున్సిపాలిటీలు రద్దయి చుట్టుపక్కల పంచాయతీలతో కలిసి ఒకే కార్పొరేషన్ అయ్యాయి. మంగళగిరికి 1969 నుంచీ సొంత మున్సిపాలిటీ ఉండేది. ఆ పాత కౌన్సిళ్ల తీర్మానాల పుస్తకాలు, పన్ను రిజిస్టర్లు మూలపడకుండా కార్పొరేషన్లు భద్రపరచాలి. 2027 జనగణనలో వార్డులవారీ అంకెలు వచ్చినప్పుడు భీమిలిలోనైనా మంగళగిరిలోనైనా పాత ఊరి వార్డులను విడిగా కూడి, ఆ మొత్తాన్ని ఊరి పేరుతో రాసి పెట్టండి.